మే నెలలో తయారై జులైకి చచ్చిన ట్రైకోడెర్మా: గుంటూరు యూనిట్ కేస్ స్టడీ

జులై మూడో వారంలో సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపు షాపుల నుంచి ట్రైకోడెర్మా (పంటకి తెగులు తెచ్చే శిలీంధ్రాలని అణిచే మంచి బూజు) పొడి ప్యాకెట్లు వెనక్కి వచ్చాయి. రైతులందరిదీ ఒకే మాట: పశువుల ఎరువులో కలిపి, గోనె పట్టాలు కప్పి, పది రోజులు తడి ఆరకుండా చూసినా పచ్చ బూజు పట్టలేదు. గుంటూరు శివార్లలో ఉన్న ఆ చిన్న యూనిట్ రికార్డు ప్రకారం, ప్యాక్ చేసిన రోజు ఆ బ్యాచ్ లెక్క గ్రాముకి 3.8 కోట్ల సీఎఫ్‌యూ. అంటే ప్లేటు మీద వేస్తే కాలనీలుగా మొలిచేవి అన్ని. వెనక్కి వచ్చిన ప్యాకెట్‌లో మొలిచినవి 7 లక్షలు. రిజిస్ట్రేషన్ నిబంధనలు అడిగే కనీస సంఖ్య 20 లక్షలు.

ఎండాకాలం రేకుల షెడ్డు కింద పెట్టారు, చచ్చిపోయింది అని షాపు మీదకి తోసేస్తే కేసు అక్కడే మూసేయొచ్చు. మూయనివ్వనిది మూడో అంకె. అదే బ్యాచ్ నుంచి తీసి ల్యాబ్‌లో 25 డిగ్రీల దగ్గర దాచిన శాంపిల్‌లో 90 లక్షలు మిగిలాయి. ఎండే తగలని చోట కూడా మూడు నెలలు తిరక్కుండా నాలుగో వంతుకి పడిపోయింది. షాపు వేడి చంపింది నిజమే, కానీ గేటు దాటేటప్పటికే సరుకు బలహీనంగా ఉంది.

గుంటూరులో ఈ వ్యాపారానికి ఒక సహజమైన ఇబ్బంది ఉంది. మిరప నారుమళ్లు పోసేది జులై, ఆగస్టుల్లో. నారు నాటేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. నారుకుళ్లు, ఎండు తెగుళ్లకి ట్రైకోడెర్మా కావాల్సింది అప్పుడే. ఆ సరుకు షాపుల్లోకి చేరాలంటే జూన్‌లో బయల్దేరాలి, జూన్‌లో బయల్దేరాలంటే మే నెలలో తయారవ్వాలి. బయట 43, 44 డిగ్రీలు కాస్తుంటే లోపల 28 డిగ్రీలు దాటనివ్వకూడని జీవిని పెంచాలన్నమాట.

యూనిట్ పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. లీటరు నీటికి 30 గ్రాముల మొలాసిస్ (చెరకు మడ్డి), 5 గ్రాముల ఈస్ట్ కలిపిన మీడియం, అంటే బూజుకి పెట్టే తిండి. 500 లీటర్ల స్టీలు ట్యాంకు. పెరిగిన కల్చర్‌ని బూజుతో సహా ఒక వంతు, టాల్క్ పొడి రెండు వంతులు కలిపి, ఆరబెట్టి, కిలోకి 5 గ్రాముల సీఎంసీ జిగురు చేర్చి ప్యాకింగ్. తేడా వచ్చింది రోజుల్లో. ఈ పద్ధతిలో కల్చర్‌ని పది రోజుల దాకా ఉంచాలి. ఇక్కడ ఆర్డర్ల ఒత్తిడికి 72 గంటలకే దించేశారు.

72 గంటల శాంపిల్‌ని లాక్టోఫినాల్ కాటన్ బ్లూ వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కనిపించేదంతా పోగులే. పొడవాటి, పల్చటి గోడల, నీలం రంగు పీల్చుకున్న బూజు పోగులు. మందపాటి గోడ ఉండే బీజాలు, క్లామిడోస్పోర్లు, పోగుల చివర్లలో అక్కడొకటి ఇక్కడొకటి కట్టడం మొదలైంది, అంతే. కోనిడియా, అంటే గాల్లో తేలే పొడి బీజాలు, దాదాపు లేవు. పోగు ముక్క కూడా ప్లేటు మీద కాలనీగా మొలుస్తుంది కాబట్టి, ప్యాకింగ్ రోజు లెక్క ఘనంగా వస్తుంది. ఆరబెట్టాక వారం వారం ముందుగా పోయేది ఆ ముక్కలే. సీఎఫ్‌యూ అంకె ఎంత అని అడుగుతారు గానీ, అందులో ఏది ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది.

ఆరబెట్టడం సంగతి ఇంకా ఘోరం. 500 లీటర్ల కల్చర్ 1,000 కిలోల టాల్క్‌లో కలిస్తే, తేమ 8 శాతానికి దిగాలంటే నిలవాల్సిన నీరు 87 కిలోలే. మిగతా 413 కిలోల నీటిని గాల్లోకి పంపాలి. శిలీంధ్రాల పొడికి 8 శాతం అనేది గరిష్ఠ పరిమితి. ఈ నీటిని లాగడానికి యూనిట్‌లో ఉన్న సాధనం షెడ్డులో పరిచిన టార్పాలిన్లు, నాలుగు పెడస్టల్ ఫ్యాన్లు. మే నెలలో పైపొర ఒక్క రోజుకే ఆరిపోయింది, అడుగున ముద్ద మూడో రోజుకీ తడిగానే ఉంది. పైన ఉన్నవి వేడికీ వెలుతురుకీ పోయాయి, అడుగున బాక్టీరియా పెరిగింది. రెండింటినీ కలిపి బస్తాల్లోకి ఎత్తారు.

ఇక ట్యాంకు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించారు. పాల ట్యాంకులు చేసిన చెయ్యి, పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఇచ్చిన డ్రాయింగులోనే లోపం. శాంపిల్ తీసే దగ్గర బాల్ వాల్వ్ వేయమన్నారు. బాల్ వెనక సందులో మిగిలిపోయిన మీడియంకి ఆవిరి సరిగా తగలదు. బాసిల్లస్ అనే బాక్టీరియా బీజాలు అందులో హాయిగా బతికి, తర్వాతి బ్యాచ్‌లోకి దిగుతాయి. లోపలి వెల్డింగ్ గీతలు నున్నగా అరగదీయమని కూడా డ్రాయింగులో రాయలేదు, ఆ గరుకులో జిగట పొర పేరుకుంది. శుభ్రత కావాల్సిన చోట అలాంటి సందు లేని డయాఫ్రమ్ వాల్వే వేయాలి. ధర ఎక్కువే, కానీ పాడైన ఒక బ్యాచ్ మొలాసిస్, కరెంటు, కూలి లెక్కేస్తే ఆ తేడా పెద్దది కాదు.

దిద్దుబాటుకి రెండు దారులు కనిపించాయి. ట్యాంకులోనే పది రోజులు ఉంచి క్లామిడోస్పోర్లు కట్టనివ్వడం ఒకటి. పోషకాలు అయిపోతున్న కొద్దీ అవి బాగా కడతాయి. కానీ పది రోజులు గాలి పంపుతూ, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ మీదకి మారుస్తూ, ఒక్క బాక్టీరియా కూడా దూరకుండా కాయడం ఈ స్థాయి యూనిట్‌కి జూదం. ఆరబెట్టాల్సిన 413 కిలోల నీరు ఎలాగూ అలాగే ఉంటుంది. రెండో దారి, నూకల మీద పెంచి కోనిడియా తీయడం. పొడిగా, గాల్లో తేలి బతకడానికే పుట్టిన బీజం కోనిడియా. యూనిట్ రెండోదే ఎంచుకుంది. కోట్లు పెట్టి కట్టే ఫర్మెంటరే పారిశ్రామిక బయోటెక్నాలజీ అనుకునేవాళ్లకి ట్రేలు, సంచులు, నూకలు చిన్నతనంగా అనిపిస్తాయి. ఈ జీవికి మాత్రం అవే సరైన యంత్రాలు.

నూక ఎంపికలోనే మొదటి దెబ్బ తగిలింది. బాపట్ల వరి పరిశోధన నుంచి వచ్చిన బీపీటీ 5204 ఈ ప్రాంతమంతా పండుతుంది, మిల్లుల్లో దాని పచ్చి నూకే చవకగా దొరుకుతుంది. ఆటోక్లేవ్‌లోంచి, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిములని చంపే పాత్రలోంచి, తీసేసరికి అది సంకటిలా ముద్దకట్టింది. ముద్ద లోపలికి గాలి వెళ్లదు, బూజు పైపైనే పట్టి ఆగిపోతుంది. ఉప్పుడు బియ్యం నూక అయితే గింజకి గింజ విడిగా ఉంటుంది. దానికి పదో వంతు శుభ్రమైన ఊక కలిపితే గాలి ఆడుతుంది.

చివరికి కుదిరిన కొలతలు ఇవి. పాలీప్రొపిలీన్ సంచికి 500 గ్రాముల నూక, 250 మిల్లీలీటర్ల నీరు. నూకలో ముందే ఉన్న 12 శాతం తేమతో కలిపి 41 శాతం వస్తుంది. మామూలు పాలిథిన్ సంచి 121 డిగ్రీలకి కరిగిపోతుంది, చవకని దానికి వెళ్లొద్దు. మూతి దగ్గర పీవీసీ రింగు, దూది బిరడా, పైన కాగితం కట్టు. ఆటోక్లేవ్‌లో విడతకి 40 సంచులు, నిలువుగా, ఒకదానికొకటి అదమకుండా. 15 పీఎస్ఐ ఒత్తిడి, 121 డిగ్రీలు, 45 నిమిషాలు. ద్రవానికి సరిపోయే 20 నిమిషాలు గింజ సంచి మధ్యకి చాలవు.

ఇక్కడ ఒక చిన్న పని తేడాతో మొదటి నాలుగు విడతల్లో మూడు పోయాయి. ఆవిరి మొదలవగానే ఎగ్జాస్ట్ వాల్వ్ మూసేశారు. లోపల గాలి ఇరుక్కుపోతే ఒత్తిడి గేజ్ ముల్లు 15 పీఎస్ఐ చూపిస్తుంది, వేడి మాత్రం 121కి చేరదు. వాల్వ్ తెరిచే ఉంచి, ఆవిరి తెగకుండా ధారగా ఏడెనిమిది నిమిషాలు వచ్చాకే మూయాలి. ముల్లుని నమ్మకుండా, వేడికి ఒక పట్టాన చావని బాక్టీరియా బీజాలుండే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్ట్రిప్‌ని విడతకొకటి మధ్య సంచిలో పెట్టి చూడటం అప్పుడే అలవాటు చేశారు.

చల్లారాక, ఫ్లాస్కుల్లో పెంచిన విత్తన కల్చర్ సంచికి 10 మిల్లీలీటర్లు. బ్యాచ్‌కి 240 సంచులు, వాటికి 2.4 లీటర్లు, అంటే పావు లీటరు చొప్పున పది ఫ్లాస్కులు షేకర్ మీద చాలు. 500 లీటర్ల ట్యాంకుకి పని లేకుండా పోయింది. యజమానికి మింగుడుపడని విషయం ఇదే. వాల్వులు మార్చి, వెల్డింగులు నున్న చేయించి, దాన్ని బాక్టీరియా ఉత్పత్తికి మళ్లించారు. ఒకటి రెండు రోజుల్లో పెరిగే బాక్టీరియాకి ట్యాంకు బాగా నప్పుతుంది. కాకపోతే బాసిల్లస్ చేసే గది, గౌన్లు, చెప్పులు వేరుగా ఉండాలి. దాని బీజాలు ఒకసారి నూకల గదిలోకి దూరితే నెలల తరబడి వదలవు.

పెంచే గదిలో రెండు తప్పులు వరసగా జరిగాయి. మొదటిది చీకటి. కిటికీ లేని గదిలో లైటు ఆర్పేసి తలుపు వేశారు. అయిదో రోజుకి సంచులన్నీ తెల్లగా దూదిపింజల్లా ఉన్నాయి, పచ్చదనం లేదు. ట్రైకోడెర్మా కోనిడియా వేయడానికి వెలుతురు సైగ కావాలి. రెండో రోజు నుంచి రోజుకి 12 గంటలు మామూలు ట్యూబులైట్లు వేస్తే సరిపోయింది. రెండోది వేడి. జాగా కలిసొస్తుందని సంచుల మీద సంచులు పేర్చారు. గది థర్మామీటరు 27 చూపిస్తుంటే, మధ్య సంచిలో గుచ్చిన సూది థర్మామీటరు 36 చూపించింది. బూజు పెరుగుతూ తన వేడిని తనే పుట్టిస్తుంది, గింజల పొర మందంగా ఉంటే ఆ వేడి బయటికి పోదు. సంచిని పడుకోబెట్టి, పొర మూడు సెంటీమీటర్లు మించకుండా, ర్యాకులో ఒకే వరస పెట్టాక తేడా రెండు డిగ్రీల లోపుకి వచ్చింది. మూడో రోజు ప్రతి సంచినీ బయటి నుంచి నలిపి గడ్డలు విడగొట్టాలి.

వేడెక్కిన సంచుల్లో జరిగే అసలు ప్రమాదం బూజు ఆగిపోవడం కాదు, వేరే బూజు రావడం. ట్రైకోడెర్మా 35 దాటాక నీరసపడుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఇంకో బూజుకి అదే ఇష్టమైన వేడి. అదీ పచ్చగానే ఉంటుంది, నూకల మీద ఇంకా బాగా పెరుగుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా తయారుచేయగలదు. అఫ్లాటాక్సిన్ పేరుతో ఎగుమతి కన్సైన్‌మెంట్లు తిరస్కరించబడే మిరప పంటకి ఆ బూజుని మనమే ప్యాకెట్లలో అందించడం కంటే దారుణం ఉండదు. పచ్చబడితే పనైపోయినట్టే అని కూలీలకి నేర్పి ఉన్నారు, ఆ నేర్పు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు సంచి విప్పే మనిషి చూసేవి మూడు. రంగు: ట్రైకోడెర్మా ముదురు ఆకుపచ్చ, ఫ్లేవస్ పసుపు కలిసిన చిలకపచ్చ. వాసన: ఈ యూనిట్ వాడే రకం ముదిరినప్పుడు కొబ్బరి కోరినట్టు వాసన వస్తుంది, అది 6-పెంటైల్ పైరోన్ అనే పదార్థం వల్ల. కొబ్బరి వాసన లేని పచ్చ సంచి పక్కకి పోవాలి. మూడోది సూక్ష్మదర్శిని: గుండ్రటి తల మీద గొలుసుగా బీజాలుంటే ఆస్పర్జిల్లస్, కొమ్మలు చీలి సీసా ఆకారపు మొనల మీద గుత్తులుగా ఉంటే మనది. వాసన చూడమన్నాం కదా అని ముక్కు సంచిలో పెట్టకూడదు. ఆ గదిలో ఎన్95 మాస్కు లేకుండా పని చేయనివ్వకూడదు, బీజాల దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎలర్జీ తెస్తుంది.

ఎనిమిది, పది రోజుల్లో సంచులు ముదురుతాయి. ట్రేల్లో పల్చగా పరిచి, 28 నుంచి 30 డిగ్రీల గదిలో, గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ పెట్టి మూడు రోజులు ఆరబెడతారు. ఇప్పుడు 120 కిలోల నూకకి పోవాల్సిన నీరు 60 కిలోల చిల్లర. మునుపటి 413తో పోల్చి చూడండి. ఎండిన నూకని పల్వరైజర్‌లో వేసి పిండి కొట్టడం చాలామంది చేసే పొరపాటు, ఆ రాపిడి వేడికి సగం శ్రమ బూడిద. వైబ్రేటరీ జల్లెడ మీద ఆడిస్తే బీజాల పొడి కిందకి రాలుతుంది, నూక పైన మిగులుతుంది.

లెక్క ఇలా వేసుకోవచ్చు. బాగా పట్టిన నూక గ్రాముకి 100 కోట్ల కోనిడియా స్థాయి వస్తుంది. జల్లెడలో మూడో వంతుకి కాస్త తక్కువగా, 30 కోట్లు చేతికొచ్చాయనుకుందాం. 1,20,000 గ్రాముల నూకకి, గ్రాముకి 2.5 కోట్లు లక్ష్యంగా పెట్టుకుంటే, 1,440 కిలోల పొడి తయారవుతుంది. చట్టం అడిగే 20 లక్షలకి ఇది పన్నెండు రెట్లు పైన. ఆ పైన ఉంచేది దానం కాదు, దారిలో చచ్చేవాటి వాటా. టాల్క్‌ని రెండు రోజులు వరసగా రోజుకి అరగంట చొప్పున ఆటోక్లేవ్ చేసి వాడాలి, కొన్న టాల్క్‌లో బాసిల్లస్ ఉండటం మామూలే. బీజాల పొడిని ఒకేసారి మొత్తంలో వేస్తే మచ్చలు మచ్చలుగా కలుస్తుంది. ముందు తొమ్మిది వంతుల టాల్క్‌తో కలిపి, దాన్ని మిగతాదాంట్లో వేసి రిబ్బన్ బ్లెండర్‌లో 20 నిమిషాలు తిప్పాలి.

లెక్కపెట్టడంలోనూ మెలిక ఉంది. కోనిడియా నీటికి అంటవు, మామూలు సెలైన్‌లో వేస్తే పైన తేలి గుంపులు కడతాయి. గుంపంతా కలిసి ఒక్క కాలనీ అవుతుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 0.85 శాతం సెలైన్‌కి 0.1 శాతం ట్వీన్ 80 (సబ్బులా పనిచేసే పదార్థం) చేర్చి, 10 గ్రాములు 90 మిల్లీలీటర్లలో పావుగంట కుదపాలి. లక్ష రెట్లు పలచన చేసిన దాంట్లో 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద రాసి 32 కాలనీలు వస్తే, గ్రాముకి 3.2 కోట్లు. ప్లేటులో రోజ్ బెంగాల్ రంగు లేకపోతే ట్రైకోడెర్మా రెండు రోజుల్లో అల్లుకుపోయి లెక్క అందదు, క్లోరాంఫెనికాల్ మందు లేకపోతే బాక్టీరియా అడ్డొస్తుంది. హీమోసైటోమీటర్ (సూక్ష్మదర్శిని కింద బీజాలు లెక్కపెట్టే గళ్ల స్లైడు) లెక్కని లేబుల్ మీద రాయకూడదు, అది చచ్చినవాటినీ కలిపి లెక్కిస్తుంది.

కొత్త బ్యాచ్ 2.5 కోట్లతో ప్యాక్ అయింది. నాలుగు నెలలకి ల్యాబ్ శాంపిల్‌లో 1.1 కోట్లు, షాపు నుంచి తెప్పించిన ప్యాకెట్‌లో 60 లక్షలు. మొదటి అంకె పాతదానికంటే తక్కువ, ఆఖరి అంకె దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ. రైతు చేతికి అందేది ఆఖరి అంకే.

షాపుల దగ్గర చేయగలిగింది కొంతే. గుంటూరు చుట్టూ ఇన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కదా, ఒక మూల అద్దెకి తీసుకుంటే సరి అని ఎవరికైనా తోస్తుంది. ట్రైకోడెర్మా పురుగుమందుల చట్టం కిందకి వస్తుంది, తినే సరుకుతో కలిపి నిల్వ పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకని యూనిట్ తన ఆవరణలోనే ఏసీ గది కట్టి, జూన్‌లో షాపులకి ఒకేసారి తోసేయడం మానేసి, నారు పోసే వారాన్ని బట్టి చిన్న చిన్న విడతలుగా పంపడం మొదలుపెట్టింది. డీలర్లు మొదట ఒప్పుకోలేదు. సరుకు లేకపోతే రైతు పక్క షాపుకి పోతాడన్నది వాళ్ల భయం, అందులో తప్పేం లేదు. గడువు దాటింది వెనక్కి తీసుకుంటామని రాసిచ్చాక దారికొచ్చారు.

ఖర్చు లెక్క చాలామంది తలకిందులుగా వేస్తారు. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి ఆపినప్పుడు, ఇథనాల్ డిస్టిలరీలు, కోళ్ల దాణా మిల్లులు నూకల కోసం పోటీపడుతున్నప్పుడు, మా ముడిసరుకు పోయిందని కంగారుపడ్డ యూనిట్లు ఉన్నాయి. నూక కిలో 30 రూపాయలనుకున్నా, 120 కిలోలకి 3,600. దాన్ని 1,440 కిలోల పొడి మీద పరిస్తే కిలోకి రెండున్నర రూపాయలు. అసలు తినేసేవి ఏసీ, ఆటోక్లేవ్, డీహ్యూమిడిఫయర్‌ల కరెంటు, ఆ తర్వాత పారబోసే సంచులు. 240లో 10 శాతం పారేస్తే పోయేది నూక కాదు, పది రోజుల గది అద్దె. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో బయోటెక్నాలజీ తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానాన్ని ఆమోదించింది, 2030 నాటికి దేశ బయో ఎకానమీ 300 బిలియన్ డాలర్లకి చేరాలన్నది లక్ష్యం. ఆ లెక్కలో ఇలాంటి యూనిట్ల వాటా పెరగాలంటే రాయితీ యంత్రాల మీద కంటే కరెంటు నాణ్యత మీద, టెస్టింగ్ ల్యాబుల మీద పెడితే ఎక్కువ ఫలితం.

లైసెన్సుల దగ్గర కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడ: నత్రజని అందించే అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా లాంటివి 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి, ట్రైకోడెర్మా 1968 పురుగుమందుల చట్టం కిందకి వస్తాయి. ఒకే షెడ్డు, రెండు చట్టాలు. ట్రైకోడెర్మాకి సెక్షన్ 9(3బి) కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్, 9(3) కింద పూర్తి రిజిస్ట్రేషన్. ఆ రకాన్ని జాతీయ కల్చర్ నిల్వలో జమచేసి నంబరు తెచ్చుకోవాలి. రిజిస్టరైన రకం ఒకటి, ప్యాకెట్‌లో ఉన్న రకం ఇంకొకటి కాకుండా ఉండాలంటే మదర్ కల్చర్‌ని గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచి, దాని నుంచి మూడు తరాలకి మించి తిరిగి పెంచకూడదు. ప్లేటు నుంచి ప్లేటుకి మారుస్తూ పోతే బీజాలు వేయడం మర్చిపోయే తెల్ల చీలికలు పుడతాయి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు బయో అని పేరు పెట్టుకున్న సీసాలు ఎన్నో అమ్ముడయ్యాయి. వాటి దెబ్బకి ఇప్పటికీ రైతు బయో అనగానే మొహం తిప్పుకుంటాడు.

రైతు వైపు పొరపాట్లు కూడా ఈ ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం. ఎకరానికి 2 కిలోల పొడి, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీడలో, పిడికిట పట్టి పిండితే నీరు కారనంత తడితో, వారం పది రోజులు మగ్గబెట్టాలి. ఎరువు బాగా మాగి ఉండాలి. పచ్చి పేడ కుప్పలో చెయ్యి పెడితే కాలుతుంది, ఆ వేడిలో ట్రైకోడెర్మా ఒక్క రోజు నిలవదు. వెనక్కి వచ్చిన ప్యాకెట్ల తాలూకు ఆరు కుప్పలు తవ్వి చూస్తే రెండు పచ్చి పేడవే. ఇంకొకచోట విత్తనానికి కార్బెండాజిమ్ పట్టించి, వారం తిరక్కుండా దాని మీదే ట్రైకోడెర్మా పట్టించారు. ఆ మందు చంపేది బూజునే, మంచిదా చెడ్డదా చూడదు.

తేలనిది ఒకటి మిగిలింది. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నాక కూడా ఏసీ కంప్రెసర్ మళ్లీ తిరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, మే మధ్యాహ్నం రోజుకి నాలుగైదు సార్లు అలా జరిగితే పెంచే గది 31 దాటుతోంది. ఆ రోజుల సంచుల్లోనే చిలకపచ్చ మచ్చలు ఎక్కువగా కనపడుతున్నాయి. పైకప్పుకి వేడి ఆపే పఫ్ ప్యానెళ్లు వేయించారు, పై ర్యాకు ఖాళీగా వదిలేస్తున్నారు. వచ్చే మే బ్యాచ్‌కి ప్రతి ర్యాకులో ఒక సంచిలో సూది థర్మామీటరు గుచ్చి, అరగంటకోసారి రీడింగు రాసే పుస్తకం తలుపు పక్కన మేకుకి వేలాడదీశారు.